మచ్చలేని సెంటు కోసం బే సిటీ దాకా

మా అమ్మాయి లావణ్యకు గ్రీన్ కార్డు వచ్చింది! ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ అంతే సంతోషం. చదువుకని 2008లో ఈ దేశం వచ్చిన పిల్ల. తర్వాత ఉద్యోగం, వీసా, మళ్ళీ వీసా, పెద్ద క్యూలో పేరు, ఆ క్యూ ఏళ్ళ తరబడి కదలకపోవడం. మొత్తానికి ఇక్కడికి వచ్చిన పద్దెనిమిదో ఏట ట్రాయ్‌లో వాళ్ళింటి ముందున్న పోస్టు డబ్బాలో ఆ కార్డు దొరికింది. నేనూ మా ఆవిడా అప్పటికి వాళ్ళ దగ్గరే ఉన్నాం, ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చి. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని, చెప్పుల్లేకుండా మంచులోకి పరుగెత్తాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

అమ్మాయికి ఏదైనా ఇవ్వాలి. నేను పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. ముప్పై ఒక్కేళ్ళు వినుకొండ, మాచర్ల రూట్లలో బస్సు కండక్టరుగా చేశాను. నాకు తెలిసిన విద్య చిల్లర ఒక్కటే. అందుకని ఈ దేశంలో అమ్మాయి ఎదురుచూసిన ఒక్కో ఏడాదికి ఆ ఏటి ముద్ర ఉన్న ఒక్కో సెంటు, అంటే డాలరులో నూరో వంతు బిళ్ళ, అదీ మచ్చ లేనిది, ఏరి ఒక పెట్టెలో పేర్చి ఇద్దామనుకున్నాను. 2008 నుంచి 2025 దాకా పద్దెనిమిది. జనం చేతుల్లో తిరిగే సెంట్లు కొట్టడం ఇక్కడ ఈ మధ్యే ఆపేశారు కాబట్టి ఈ వరస ఒకచోట ఆగుతుంది కూడా. రోడ్డు మీద పడి ఉన్నా ఎవరూ వంగి తీసుకోని నాణెం కదా, ఎంత కష్టం అనుకున్నాను. ఇది చదివి మీలో ఎవరైనా మొదలుపెడితే ముందే చెబుతున్నాను, చాలా కష్టం.

ఈ సెంటు లోపలంతా జింకు. పైన పల్చటి రాగి పూత. ఆ పూత కింద గాలి చేరితే పూరీ మీద పొక్కుల్లా లేస్తుంది. ముద్ర పడగానే వేలకు వేలు ఒకదాని మీద ఒకటి పడతాయి, దాని మీదుండే లింకన్ గారి బుగ్గ మీద గాట్లు పడతాయి. తర్వాత లెక్కపెట్టే మిషను ఒక గీత గీస్తుంది. ఏమీ జరగకపోయినా చెమ్మ తగిలి నల్లమచ్చ వస్తుంది. సేకరించేవాళ్ళు డెబ్భైకి మార్కులు వేస్తారు. ఎవరి జేబులోనూ తిరగని నాణేనికి అరవై నుంచి మొదలు. నాకు కావలసింది అరవై ఏడు. బ్యాంకులో పాతిక డాలర్లిస్తే ఒక పెట్టె, అందులో రెండున్నర వేల సెంట్లు. వాళ్ళు ఇక లేవనేలోపు అలాంటివి ఆరు పెట్టెలు తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, భూతద్దం పెట్టి వెతికాను. పొడుం చల్లినట్టు మచ్చలు! "ఉద్యోగం దిగి పదహారేళ్ళయినా ఈయన చిల్లర పిచ్చి దిగలా. అన్నం ఎక్కడ పెట్టను, లింకన్ నెత్తి మీద పెట్టనా?" అనేది మా ఆవిడ. సేకరించేవాళ్ళ దగ్గర కొన్ని కొని, నేను ఏరినవి కొన్ని కలిపి కానుక పెట్టెలో పదిహేడు గుంటలు నింపాను. ఒక్క 2009 మిగిలింది.

ఆ ఏడాది వ్యాపారాలు పడిపోయి చిల్లర అవసరం తగ్గిందట, సెంట్లు తక్కువ కొట్టారట. వెనక వైపు బొమ్మలు మాత్రం నాలుగు రకాలు వేశారు. అందులో నాకు లింకన్ పుట్టిన చెక్క గుడిసె బొమ్మ ఉన్నదే కావాలి. ఎందుకంటే ఆ ఏడాదే మా అమ్మాయి చదువు అయిపోయి, ఉద్యోగం దొరక్క, నలుగురితో కలిసి ఒక ఇంటి కింద నేలమాళిగ గదిలో ఉంది. ఫోన్ చేస్తే అంతా బాగుంది నాన్నా అనేది. నేను నమ్మేవాణ్ణి.

బే సిటీ అవతల ఒక చిన్న ఊళ్ళో ప్రతి నెలా ఒక ఆదివారం నాణేల సంత జరుగుతుందని ట్రాయ్ లైబ్రరీలో కలుసుకునే నాణేల బృందం వాళ్ళు చెప్పారు. కిందటి నెల వెళ్ళాం. డోరిస్ అనే పెద్దావిడ బల్ల దగ్గర దొరికింది నా గుడిసె! నిప్పు కణికలా ఎర్రగా, అద్దంలా, ఒక్క గాటు లేదు. ముప్పై రెండు డాలర్లు. ఒక సెంటుకు ముప్పై రెండు డాలర్లా అని మీరు నవ్వండి, నేను మాత్రం ఆనందంతో ఏడ్చాను. ఇంటికొచ్చి భద్రంగా పెట్టెలో పెట్టాను. మూడు వారాల తర్వాత మా ఆవిడకు చూపిద్దామని మూత తీస్తే గుడిసె కప్పు మీద గోధుమరంగు వేలిముద్ర! రాగి మీద వేలి చెమ్మ వెంటనే కనబడదు, నిదానంగా కాలి పైకి తేలుతుంది. అంటే డోరిస్ చేత్తో తాకిన సరుకు నాకు అంటగట్టిందన్నమాట. ఒళ్ళు మండిపోయింది. లైబ్రరీ బృందంలో అందరి ముందూ చెప్పాను. వాళ్ళలో ఒకాయన నా మాటను వాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాడు. అమ్మాయి చేత డోరిస్‌కు ఫోన్ చేయించాను. "తీసుకురండి, డబ్బు తిరిగి ఇచ్చేస్తాను" అందట, అంతే. నా తిరుగు ప్రయాణం ఇంకా పది రోజులే ఉంది. ఆ వేలిముద్ర సెంటు జేబులో పెట్టుకుని రెండోసారి బయల్దేరాను. ఈ రాత ఆ రోజు గురించి.

పొద్దున ఏడుంపావుకు ట్రాయ్‌లో బయల్దేరాం. ఐ-75 హైవే ఎక్కితే ఇక తిరగక్కర్లేదు, ఉత్తరానికి సూటిగా వెళ్ళడమే. మొత్తం దాదాపు నూరు మైళ్ళు, ఆగకుండా వెళితే గంటా నలభై నిమిషాలు. ఆదివారం పొద్దున రోడ్డు ఖాళీ. పక్కన కూతురు కారు నడుపుతుంటే కూర్చోవడం ఎంత హాయి అనుకున్నారు! నా సర్వీసంతా నేను నిలబడే ప్రయాణం చేశాను. అసలు ఆ పూట అంతటి ఆనందాన్నీ నేనే చెడగొట్టుకున్నాను, ఫ్లింట్ దాటేదాకా డోరిస్‌ను తిడుతూనే ఉన్నాను.

"నాన్నా, ఆ రోజు కారులో నువ్వు దాన్ని…" అని మొదలుపెట్టింది లావణ్య.

"కారు సంగతి కాదమ్మా, ఆవిడ సంగతి చెప్పు. చేతికి తొడుగు వేసుకుందా, లేదా?"

"వేసుకుంది."

"కుడి చేతికి వేసుకుంది. ఎడమ చెయ్యి ఉత్తదే. నేను చూశా."

"అది కాదు నాన్నా, నువ్వు బయటికొచ్చాక…"

"ముందు రోడ్డు చూడు తల్లీ. పక్కన లారీ."

సాగినా రాకముందు ఒక ఎగ్జిట్‌లో దిగి టిఫిన్‌కు ఆగాం. లారీ డ్రైవర్లు తినే చిన్న హోటలు. ఇద్దరికీ ఉల్లిపాయ ఆమ్లెట్టు, వేయించిన బంగాళాదుంపలు, కాఫీ కలిపి పందొమ్మిది డాలర్ల నలభై మూడు సెంట్లు అయింది. కౌంటరు మీద కాగితం అంటించారు, సెంట్లు లేవు అని. వడ్డించిన ఆవిడే బిల్లు తీసుకుంది.

"నలభై అయిదు చేసుకుంటున్నాను హనీ, పర్లేదా?" అంది నాతో. నేను ఇరవై ఇస్తే పాతిక సెంట్ల క్వార్టర్లు రెండు, ఒక నికెల్, అంటే అయిదు సెంట్ల బిళ్ళ, చేతిలో పెట్టింది.

"చూశావా, రెండు సెంట్లు పోయాయి," అన్నాను లావణ్యతో. "మేమైతే టికెట్ వెనక రాసిచ్చేవాళ్ళం, దిగేటప్పుడు తీసుకోమని. దిగేటప్పుడు సగంమంది మర్చిపోయేవాళ్ళు పాపం."

"వాళ్ళు మర్చిపోవడం కాదు నాన్నా, నువ్వు గుర్తు చేసేవాడివి కాదు," అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. బల్ల మీద నాలుగు డాలర్లు టిప్పు పెట్టి లేచాం. ఆ మాట అక్కడే వదిలేసి వచ్చాననుకున్నాను.

సాగినా దాటాక ఒక ఎత్తైన వంతెన వస్తుంది. దాని మీద నుంచి చూస్తే కింద నది, చుట్టూ మంచు కప్పిన చదునైన పొలాలు, కంటికి ఎక్కడా అడ్డు లేదు. అది చూడ్డానికైనా పగటిపూట వెళ్ళండి. బే సిటీ నుంచి ఇంకో పావుగంట. తొమ్మిది నలభైకి చేరాం. ఊరి మధ్య అగ్నిమాపక కేంద్రం, దాని పక్కన పొడవాటి హాలు. పార్కింగ్ ఉచితం, మనిషికి మూడు డాలర్లు టికెట్, తొమ్మిది నుంచి మూడు దాకా ఉంటుంది. లోపల ముప్పై దాకా బల్లలు. ఎక్కువమంది కార్డు తీసుకోరు, నగదు తెచ్చుకోండి. కాఫీ మాత్రం డాలరే, బాగుంది.

డోరిస్ బల్ల ఆఖరి వరసలో కిటికీ పక్కన ఉంటుంది. నా వయసే ఉంటుంది ఆవిడకు, తెల్ల జుట్టు, నీలం స్వెట్టరు, కుడి చేతికి నూలు తొడుగు. కిందటిసారి ఆ బల్ల ముందు నలుగురి వెనక నిలబడ్డాను. ఈసారి ఎవరూ లేరు. పక్క బల్లల దగ్గర జనం ఉన్నారు. అప్పుడైనా నాకు తట్టలేదు.

దారి పొడుగునా కూర్చుకున్న ఇంగ్లీషు ముక్కలు అన్నీ ఒక్కసారి బయటపెట్టాను. మీరు తాకారు, మీరు అమ్మారు, ఇది మంచి పద్ధతి కాదు. గొంతు కండక్టరు గొంతు కదా, హాలు సగం ఇటు తిరిగింది. లావణ్య నా మోచెయ్యి పట్టుకుంది. డోరిస్ సొరుగు తీసి ఒక ఇరవై, ఒక పది, రెండు ఒకట్లు బల్ల మీద పెట్టింది. నాకు అర్థం కానిది లావణ్య తెలుగులో చెబుతూ వచ్చింది.

"ఇవి మీ డబ్బులు మిస్టర్ రావ్. ఇప్పుడు నాణెం చూడొచ్చా?"

ఇచ్చాను. దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత అద్దం దించకుండానే అంది, "మీ కుడి చెయ్యి ఇలా పెట్టండి."

"నా చెయ్యా? ఎందుకు?"

"పెట్టండి."

పెట్టాను. నా బొటనవేలి మెత్త మీద ఏటవాలుగా ఒక పాత గాటు ఉంది. ఎప్పుడో మాచర్ల బస్సు తలుపు నా వేలి మీద పడినప్పటిది. ఆవిడ అద్దం నా వేలి మీద పెట్టింది, నాణెం మీద పెట్టింది, మళ్ళీ వేలి మీద పెట్టింది. తర్వాత ఆ అద్దం నా చేతికిచ్చి కుర్చీ వెనక్కి జరిపింది. వంగి చూశాను. గుడిసె కప్పు మీద సన్నటి గీతలు సుడి తిరిగి ఉన్నాయి. ఆ సుడిని కోస్తూ మధ్యలో ఏటవాలుగా ఖాళీ గీత.

అచ్చం నా గాటులాగే ఉంది. అయినా మనిషి అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? వేలు పైకెత్తి చూపించాను. "నో, నో! నాది ఇటు వాలి ఉంది. దీని మీద గీత అటు వాలి ఉంది. ఇది నాది కాదు."

డోరిస్ కోప్పడలేదు. తన బల్ల మీద బిల్లులకు కొట్టే రబ్బరు స్టాంపు తీసి నాకు వెల్లకిలా తిప్పి చూపించింది, అందులో అక్షరాలు తిరగేసి ఉన్నాయి. తర్వాత దాన్ని కాగితం మీద కొట్టింది. అక్షరాలు సరిగ్గా పడ్డాయి.  ముప్పై ఒక్కేళ్ళు డ్యూటీ కాగితాల మీద స్టాంపులు కొట్టించుకున్న వాణ్ణి, నాకు అనువాదం అవసరం లేకపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్న రోజు కారులో కూర్చోగానే, పట్టలేని సంతోషంలో, దాన్ని కాగితపు కవరులోంచి అరచేతిలోకి ఒంపుకుని లావణ్యకు చూపించాను. చూపించి ఊరుకున్నానా? కండక్టరు చిల్లర ఇచ్చేటప్పుడు అరచేతిలోని బిళ్ళను బొటనవేలితో నొక్కి ముందుకు తోస్తాడు, మసక వెలుతురులోనూ పావలానో అర్ధరూపాయో వేలికే తెలిసేలా. లక్షసార్లు చేసిన పని. నాణెం కనబడితే నా బొటనవేలు నన్ను అడగదు. ఆ రోజు గుడిసెను అలాగే నొక్కి, నున్నగా తోసి, "చూడమ్మా, ఎంత చల్లగా ఉందో" అన్నాను.

"సారీ," అన్నాను. "వెరీ సారీ. నా తప్పు."

"విన్నాను," అంది డోరిస్. నవ్వలేదు. "పొద్దున్నుంచి ట్రాయ్ వాళ్ళు ముగ్గురు వచ్చారు. నా బల్ల దగ్గర ఆగలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే కూర్చుంటున్నాను."

డబ్బు ఆవిడ వైపు జరిపాను. నా వైపు జరిపింది. మళ్ళీ జరిపాను. "ఇస్తానని మీ అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను, ఇచ్చాను," అని అక్కడితో ఆపేసింది. అలాంటి గుడిసె ఇంకొకటి ఉందా అని లావణ్య అడిగింది. లేదంది. చేత్తో తాకనివి ఎన్నో చూస్తేగాని అలాంటిది ఒకటి తగలదట. పొక్కో, మచ్చో, గాటో ఏదో ఒకటి ఉంటుందట. నాకమ్మినదాన్ని నాలుగు నెలలు వెతికి పట్టుకుందట. అని, నా సెంటును పట్టకారుతో తీసి బల్ల కింద ఉన్న రేకు డబ్బాలో వేసింది. చెడిపోయినవి వేసే డబ్బా. టంగుమన్న చప్పుడు నాకింకా చెవిలో ఉంది.

"అది నాకివ్వండి," అన్నాను.

"ఆ డబ్బాలో ఏదైనా ఒక సెంటే."

జేబులో వెతికాను. నాలుగు నెలలుగా పదిహేను వేల సెంట్లు చూసినవాణ్ణి, జేబులో ఒక్క సెంటు లేదు. లావణ్య దగ్గర కార్డులు తప్ప నాణెం ఉండదు. పొద్దున హోటల్లో ఇచ్చిన నికెల్ దొరికింది. ఉంచుకోండి అన్నాను. వినలేదు. నా సెంటు నాకిచ్చి, డబ్బాలోంచి ఏరి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెడుతూ నాలుగు సెంట్లు నా అరచేతిలో పెట్టింది. నా బొటనవేలు లేవబోయింది. ఈసారి గట్టిగా మడిచి పట్టుకున్నాను.

పదకొండున్నరకే తిరుగు ప్రయాణం. 

"నీకు ముందే తెలుసా?" అని అడిగాను ఫ్లింట్ దగ్గర.

"అనుమానం. చెప్పబోయా నాన్నా, పొద్దున రెండుసార్లు."

"గట్టిగా చెప్పొచ్చు కదమ్మా."

"నీకా? బస్సులో ఎవరైనా గట్టిగా చెబితే నువ్వు విన్నావా ఎప్పుడైనా?"

 మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రమే లావణ్య చేత ఆన్‌లైన్ గ్రూపులో రాయించాను, తప్పు నాదే, ఆవిడది ఏమీ లేదని. ఇద్దరు బొటనవేలి గుర్తు, అదే లైకు, పెట్టారు. నేను మొదట అన్న మాట కింద ముప్పైమంది మాట్లాడారు. ఈ దిద్దుబాటు కింద ఎవరూ ఒక్క మాట రాయలేదు. నా సర్వీసులో ఒకసారి ఒక పెద్దావిడ నిండు బస్సులో నన్ను దొంగ అంది, అర్ధరూపాయి నొక్కేశానని. వినుకొండలో దిగాక అది ఆవిడ కొంగుముడిలోనే దొరికింది. పాపం, పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి నాకు దణ్ణం పెట్టింది. కానీ అప్పటికి బస్సు ఖాళీ అయిపోయింది. విన్నవాళ్ళంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ పెద్దావిడను నేను చాలా ఏళ్ళు క్షమించలేదు. డోరిస్ నన్ను ఎందుకు క్షమించాలి? పెట్టె మాత్రం అమ్మాయికి ఇచ్చాను, పదిహేడు ఎర్రగా, ఒకటి వేలిముద్రతో. దాన్ని చూసి, "ఆ ఏడాదికి ఇదే సరిపోయిందిలే నాన్నా" అంది నా బంగారుతల్లి. దాని మంచి మనసుకు నాకు కళ్ళు నిండాయి. గ్రీన్ కార్డు వచ్చిన ఆనందం నిజం, అది ఎక్కడికీ పోదు. కానీ ఆ ముద్ర ఇంకా నల్లబడుతుందట, తుడిస్తే మరీ పాడవుతుందట. నేను వచ్చే వారం విమానం ఎక్కుతాను. డోరిస్ వచ్చే నెల కూడా ఆ కిటికీ పక్కనే కూర్చుంటుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. నాణేన్ని కవరులోంచి తియ్యకండి. తియ్యక తప్పకపోతే రెండు వేళ్ళతో అంచులు మాత్రమే పట్టుకోండి. ఎప్పుడైనా దాని మీద మచ్చ కనబడితే, అమ్మినవాళ్ళను ఒక్క మాట అనేముందు మీ బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకోండి.